రంగు గీతల వైలిన్ తరగతి

పార్వతీపురంలోని ఒక పిల్లల బడిలో జోగారావు అనే వైలిన్ మాస్టారు ఉండేవాడు. చెయ్యి తిరిగిన విద్వాంసుడే గాని, పాఠం మధ్యలో పిల్లలెవరైనా నోరు తెరిచి పాడితే మాత్రం అసలు సహించేవాడు కాదు.

"పాడటానికి వేరే తరగతి ఉంది. ఇక్కడ వేళ్ళు పలకాలి, నోళ్ళు కాదు," అనేవాడు.

ఆయన పద్ధతి ఆయనది. వైలిన్ మెడ మీద ఏ స్వరం ఎక్కడుందో చెప్పే గుర్తులేవీ ఉండవు. వేలు వెంట్రుకవాసి అటు జరిగినా ఇటు జరిగినా స్వరం చెడిపోతుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలందరికీ ఇదే పెద్ద గండం. జోగారావు దీనికొక ఉపాయం కనిపెట్టాడు. కరెంటు పనివాళ్ళు తీగలకు చుట్టే రంగు టేపు కొని, సన్నటి పీలికలుగా కత్తిరించి, బడిలో ఉన్న పదకొండు వైలిన్లకూ మెడకు అడ్డంగా మూడేసి గీతలు అంటించాడు. ఒకటి ఎర్రది, ఒకటి పసుపుది, ఒకటి నీలిది. పిల్లల నోటుపుస్తకాల్లో సరిగమలు రాయించడం కూడా మానేసి, రంగు పెన్సిళ్ళతో చుక్కలు పెట్టించాడు. ఎర్ర చుక్క కనిపిస్తే ఎర్ర గీత మీద వేలు, నీలి చుక్క కనిపిస్తే నీలి గీత మీద వేలు. అంతకు మించి ఆలోచించాల్సిన పని లేదు.

ఫలితం కూడా అలాగే ఉండేది. ఇంకోచోట ఏడాది పట్టే పాఠం ఆయన పిల్లలకు మూడు నెలల్లో వచ్చేసేది. మొన్నమొన్న చేరిన పిల్లవాడు ఇవాళ గీతం వాయిస్తున్నాడని తల్లిదండ్రులు మురిసిపోయేవారు. జోగారావు మరీ మురిసిపోయేవాడు.

పాటంటే ఆయనకు అంత కోపం ఎందుకంటే దానికో కారణం ఉంది. పద్నాలుగేళ్ళ వయసులో ఆయన ఒక పెళ్ళిలో పాట పాడుతుండగా గొంతు పగిలింది. పై స్వరం అందుకోబోతే కీచుమంది. పెళ్ళివారంతా పగలబడి నవ్వారు. ఆ తర్వాత ఆయన గొంతు బాగుపడలేదు, బొంగురుగానే ఉండిపోయింది. ఆనాటి నుంచి ఆయన నలుగురిలో పాడలేదు. గుళ్ళో హారతి పాట పాడుతున్నప్పుడు కూడా పెదవులు కదిపి ఊరుకునేవాడు. సిగ్గు వల్ల పాడటం లేదని ఎవరికీ చెప్పలేదు. వాద్యం నేర్చుకునేవాళ్ళకు పాట దండగ అని చెప్పేవాడు. చెప్పగా చెప్పగా ఆ మాట తానే నమ్మేశాడు. పెద్దవాళ్ళకు ఇలాంటి జబ్బు ఒకటి ఉంటుంది, పిల్లలు దాన్ని ఇట్టే పసిగడతారు గాని మర్యాదకు ఊరుకుంటారు.

తరగతిలోని పదకొండుమంది పిల్లల్లో పైడితల్లి అనే తొమ్మిదేళ్ళ పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న సైకిలు మీద స్టీలు సామాను వేసుకుని, పాత బట్టలకు మారకం ఇస్తూ వీధులు తిరిగేవాడు. ఆయన కేక కూడా రాగం తీసినట్టే ఉండేది. పైడితల్లికి ఆ వరస వచ్చింది. వైలిన్ పట్టుకుందంటే ముందు గొంతులో స్వరం అనుకునేది. తర్వాత తీగ మీద వేలు పెట్టి వినేది. కలవకపోతే తల అడ్డంగా ఊపి, వేలు కొంచెం జరిపి మళ్ళీ వినేది. కలిస్తే తనలో తానే నవ్వుకునేది. ఈ వెతుకులాటతో ఆమె అందరికంటే వెనకబడింది. మిగతావాళ్ళు గీతాల్లో పరుగులు పెడుతుంటే తను ఇంకా మొదటి పాఠాల్లోనే నింపాదిగా తిరుగుతూ ఉండేది.

జోగారావుకు ఒళ్ళు మండిపోయేది. గీతలు అంత స్పష్టంగా కనిపిస్తుంటే ఈ పిల్ల కళ్ళు మూసుకుని ఏం వెతుకుతుందని విసుక్కునేవాడు. ఎంత కసిరినా పైడితల్లి కూనిరాగం ఆగలేదు. చివరికి ఆయన ఇంటి నుంచి పటికబెల్లం తెచ్చి, పాఠం మొదలయ్యేముందు ఆమె బుగ్గన ఒక ముక్క పెట్టేవాడు. నోట్లో ముక్క ఉంటే పాట రాదని ఆయన లెక్క. పైడితల్లి ముక్క చప్పరిస్తూనే ముక్కుతో పాడేది. రెండు వారాల్లో పటికబెల్లం అయిపోయింది, పాట మాత్రం అయిపోలేదు.

ఒకరోజు ఆయన ఆమెను నిలబెట్టి, నోరు మూసుకుని వాయించడానికి నీకేమిటి కష్టమని అడిగాడు.

"పాడకపోతే ఏలు ఎక్కడెట్టాలో నాకు తెల్దు మాస్టారూ," అంది పైడితల్లి.

ఎర్ర గీత మీద పెట్టమని చెప్పి ఆయన ముందుకు వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది వేసవి మొదట్లో హెడ్మాస్టరు వసుంధర గారు జోగారావును తన గదికి పిలిపించింది. ఆవిడ మాటలో మెత్తదనం ఉన్నా, విషయం మెత్తనిది కాదు. బడికి కొత్తగా కంప్యూటర్లు వచ్చాయి, పెట్టడానికి చోటు లేదు. సంగీతం గది ఇచ్చేయమని బడి కమిటీవాళ్ళు అడుగుతున్నారు. గది పోతే తరగతి కూడా పోతుంది. వైలిన్ కొనుక్కునే స్తోమత లేని పిల్లలు ఆ ఊళ్ళో వైలిన్ ముట్టుకోగలిగేది ఆ ఒక్క గదిలోనే. శ్రీరామనవమి పందిట్లో సాయంత్రం పిల్లల చేత నాలుగు పాటలు వాయించమని, కమిటీవాళ్ళు ముందు వరసలో కూర్చుని వింటారని, ఆ రోజే తేల్చేస్తారని ఆవిడ చెప్పింది.

జోగారావు ఏమాత్రం కంగారుపడలేదు. నాలుగు కాదు, అడిగితే ఆరు వాయిస్తారని చెప్పి వచ్చాడు.

నెల రోజులు రోజూ సాధన చేయించాడు. పిల్లల వేళ్ళు రంగు గీతల మీద గంతులు వేశాయి. అందరిలోకీ శశాంక్ అనే కుర్రాడు చురుకైనవాడు. వాడి వేళ్ళను చూస్తే కళ్ళు తిరిగేవి. వాణ్ణి ముందు వరసలో మధ్యన కూర్చోబెట్టాడు. పైడితల్లిని వెనక వరసలో చివరన కూర్చోబెట్టాడు. అంతటితో ఆగలేదు. పందిట్లో ఆమె వల్ల ఎక్కడ పాట చెడుతుందోనని, వైలిన్ వాయించే కమానును తీగకు తగలనీయకుండా గాల్లోనే అందరితో పాటు ఆడించమన్నాడు. చూసేవాళ్ళకు వాయిస్తున్నట్టే ఉంటుంది, చప్పుడు రాదు.

పైడితల్లి కాసేపు కమాను వంక చూసి, సరే మాస్టారూ అంది. ఆ సరే విన్నప్పుడు జోగారావుకు మనసులో ఎక్కడో చురుక్కుమంది. తరగతి నిలబడాలంటే తప్పదు మరి అనుకుని సర్దిచెప్పుకున్నాడు.

నవమి రానే వచ్చింది. మధ్యాహ్నం కల్యాణం సమయానికే పిల్లలు బడి వ్యానులో పందిరికి చేరారు. దిగిన వెంటనే పానకం దగ్గరికి పరిగెత్తారు. వైలిన్ పెట్టెలు వ్యానులోనే వెనక సీటు మీద ఉండిపోయాయి. ఇప్పుడే బయటికి తీస్తే జనం తొక్కేస్తారని జోగారావే వాటిని అక్కడ ఉంచమన్నాడు. తను వెళ్ళి కమిటీవాళ్ళ పక్కన కూర్చుని, వడపప్పు తింటూ, తన పద్ధతి ఎంత గొప్పదో వాళ్ళకు వివరించాడు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వ్యాను ఆ ఎండలోనే ఉంది, అద్దాలన్నీ వేసి ఉన్నాయి.

సాయంత్రం ఐదింటి కార్యక్రమానికి ఇంకా పది నిమిషాలు ఉందనగా పెట్టెలు తెప్పించి తెరిచాడు. వేడికి టేపు జిగురు పాకంలా కారిపోయింది. కొన్ని గీతలు జారి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. కొన్ని మెలితిరిగి ఊడి పెట్టె మూతకు అంటుకున్నాయి. పదకొండు వైలిన్లలో ఒక్కదాని మీద కూడా గీతలు ఉన్నచోట లేవు.

తన కండువాతో జిగురు తుడిచాడు. పండగ కావడంతో కొట్లన్నీ మూసి ఉన్నాయి, కొత్త టేపు దొరికే దారి లేదు. ఎవరో సుద్దముక్క తెచ్చి ఇస్తే దానితో గీతలు గీశాడు. గీశాక గాని ఆయనకు తట్టలేదు, అన్నీ తెల్లవే. పిల్లలకు తెలిసినవి రంగులు. తీగలు ఎలాగోలా శ్రుతి చేసి ముగించేసరికి మైకులో పేరు పిలిచారు.

పిల్లలు వేదిక మీద రెండు వరసల్లో బాసింపట్టు వేసి కూర్చున్నారు. శ్రుతి పెట్టె మోగింది. మొదటి గీతం ఎత్తుకున్నారు. చెమట వేళ్ళు తగలగానే సుద్ద గీతలు చెరిగిపోయాయి. పది వైలిన్లు పది దారులు పట్టాయి. ఒకడు పైకి పోతే ఒకతి కిందికి దిగింది. మధ్యలో కూర్చున్న శశాంక్ మాత్రం వేగం తగ్గించకుండా తప్పుడు స్వరాలనే జోరుగా వాయించుకుంటూ పోయాడు. కొంతసేపటికి వాడికీ అర్థమైంది. కమాను ఆపి, కళ్ళనిండా నీళ్ళతో ఆయన వంక చూశాడు.

"మాస్టారూ, ఎర్రది ఏదండీ?" అన్నాడు.

మైకు వాడి ముందే ఉంది. ఆ మాట పందిరంతా వినిపించింది. జనం గొల్లున నవ్వారు.

జోగారావు ఆ నవ్వు ఇదివరకు విన్నాడు. పెళ్ళిపందిట్లో పద్నాలుగేళ్ళ కుర్రాడి మీద పడిన నవ్వే అది. ఇవాళ అది తన మీద కాకుండా, తను నేర్పిన పిల్లల మీద పడింది. వాళ్ళు తలలు దించుకుని కూర్చున్నారు. ముందు వరసలో కమిటీవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు మాట్లాడుకుంటున్నారు. వసుంధర గారు నవ్వలేదు గాని, చేతిలోని కార్యక్రమాల కాగితం మడిచేసింది. గది పోయినట్టేనని ఆయనకు తెలిసిపోయింది. పిల్లలకు ఎండదెబ్బ తగిలిందని చెప్పి కిందికి దించేద్దామనుకున్నాడు. అడుగు కూడా వేశాడు.

అప్పుడు వెనక వరసలోంచి సన్నగా పాట వినిపించింది. పైడితల్లి కమాను ఆయన చెప్పినట్టే తీగకు తగలకుండా గాల్లో పట్టుకుని ఉంది. కళ్ళు మూసుకుని ఆగిపోయిన గీతాన్ని మొదటి నుంచి తనలో తాను పాడుకుంటోంది. తప్పు ఎక్కడా లేదు. జోగారావు వెళ్ళి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. గీతలు లేకుండా వాయించగలవా అని అడిగాడు.

"పాడనిస్తే వాయిస్తాను మాస్టారూ," అంది పైడితల్లి.

ఆయన పాడమన్నాడు. ఆమె గొంతెత్తి పాడుతూ, ఆ రోజు మొదటిసారి కమాను తీగ మీద పెట్టింది. నెమ్మదిగా వాయించింది. ఒకచోట వేలు తప్పి పడితే వెంటనే జరుపుకుంది. పాట, వైలిన్ ఒకే దారిలో నడిచాయి. పందిట్లో గోల కొంచెం తగ్గింది. మిగతా పదిమంది పిల్లలు తలతిప్పి ఆమెను వింతగా చూశారు. మూడు నెలలు తమకంటే వెనకబడిన పిల్లకు గీతలు లేకుండా స్వరాలు ఎలా దొరుకుతున్నాయో వాళ్ళకు అంతు పట్టలేదు. జోగారావుకు మాత్రం అర్థమైంది. ఆమె గుర్తు వైలిన్ మీద లేదు, గొంతులో ఉంది. దాన్ని ఎండ కరిగించలేదు.

అయితే ఒక్క పిల్ల వాయిస్తే తరగతి నిలబడదు. అందరి చేతా పాడించాలి. పాడించాలంటే ఎవరో ఒకరు ముందు గొంతెత్తాలి. పైడితల్లి చిన్న గొంతు ముందు వరస దాకా సరిగ్గా అందడం లేదు. ఆయన మైకు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. జనంలో సగం మంది తెలిసినవాళ్ళే. నలభై ఏళ్ళుగా కాపాడుకుంటూ వచ్చిన పరువు ఒక్క స్వరంతో పోతుంది. పోతే పోయింది, పిల్లలు తలెత్తితే చాలనుకున్నాడు.

"వైలిన్లు ఒళ్ళో పెట్టుకోండి. గీతలు చూడొద్దు. నాతో పాడండి," అన్నాడు.

పాడాడు. బొంగురు గొంతు, పై స్వరం దగ్గర పగిలింది కూడా. జనంలో మళ్ళీ ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఆగలేదు. పిల్లలు ముందు నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు, మాస్టారికి పాట వచ్చునని వాళ్ళకు ఇన్నాళ్ళూ తెలియదు మరి. పైడితల్లి అందుకుంది. ఆ పక్కపిల్ల అందుకుంది. నెల రోజులుగా అదే గీతం చెవిలో మోగుతూ ఉండటం వల్ల, ఎవరూ నేర్పకపోయినా అది అందరికీ వచ్చేసి ఉంది. రెండో విడతకు పదిమంది పాడుతున్నారు. శశాంక్ ఒక్కడే ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్నాడు. మూడో విడతకు వాడూ నోరు విప్పాడు.

అప్పుడు ఆయన వైలిన్లు ఎత్తమన్నాడు. పాడుతూనే ఉండమని, పాడిన స్వరం తీగ మీద దొరికేదాకా వేలు జరపమని చెప్పాడు. మొదటి వరస అరకొరగా వచ్చింది. ఒకరిద్దరు పూర్తిగా తప్పారు. ఈసారి తేడా ఏమిటంటే, తప్పినవాళ్ళకు తాము తప్పామని వినిపించింది. మొహం చిట్లించి, వేలు జరిపి, మళ్ళీ అందుకున్నారు. గీతం చివరిదాకా పోయి మళ్ళీ మొదటికి వచ్చేసరికి పదకొండు వైలిన్లూ పదకొండు గొంతులూ ఒక్కచోట చేరాయి. గొప్పగా ఉందని చెప్పను. నిజంగా పాటలా ఉంది. చివరి స్వరం మీద అందరూ కలిసి ఆగారు. పందిట్లో వాళ్ళు చప్పట్లు కొట్టారు, నవ్వినవాళ్ళు కూడా కొట్టారు.

నాలుగు పాటలకు ఇచ్చిన సమయం ఆ ఒక్క గీతానికే అయిపోయింది. కోలాటం వాళ్ళు మెట్ల దగ్గర తొందరపడుతున్నారు. పిల్లలు దిగగానే కమిటీలోని ఒక పెద్దాయన వచ్చి, నాలుగు పాటలన్నారు, ఒకటి వినిపించారు, అదీ మొదటిసారి నవ్వులపాలైంది, ఇంకేం తేల్చాలి అన్నాడు. పెద్దాయన మాటలో తప్పు లేదని జోగారావుకూ తెలుసు.

వసుంధర గారు ముందుకు వచ్చింది.

"మొదటిసారి విన్నప్పుడు గది ఇచ్చేద్దామనే అనుకున్నానండీ," అంది ఆవిడ. "రెండోసారి పిల్లలు తమ తప్పు తామే విని తామే దిద్దుకున్నారు. బడి పెట్టుకున్నది అందుకే కదా. సగం గదిలో కంప్యూటర్లు పెడదాం. మిగతా సగంలో ఏడాది పాటు వీళ్ళను పాడుకోనివ్వండి."

పెద్దాయన ఏడాదికైతే సరేనన్నాడు.

జోగారావు పిల్లలున్న చోటికి వెళ్ళాడు. పదిమందీ వింటుండగా పైడితల్లి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నా గొంతు బాగోదని నీ గొంతు మూయించానమ్మా. తప్పు నాది," అన్నాడు.

పైడితల్లి ఆయన మొహంలోకి చూసి నిజాయితీగా ఆలోచించింది.

"మీ గొంతు బాగోదు గానీ మాస్టారూ, సుతి మాత్రం తప్పలేదు," అంది.

ఆ మాటకు ఆయన కళ్ళు చెమర్చాయి. ఎన్నో సన్మానాలు జరిగాయి గాని, ఇంత మంచి బిరుదు ఆయనకు అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు.

జూన్‌లో కొత్త పిల్లలు చేరారు. జోగారావు మొదటి నెలంతా వైలిన్ పెట్టెలు తెరవనే లేదు. నేల మీద కూర్చోబెట్టి పాడించాడు, తనూ పాడాడు. తర్వాత పాడిన ప్రతి స్వరాన్నీ తీగ మీద వెతికించాడు. వైలిన్ నేర్పమంటే పాటలు పాడిస్తున్నారేమిటని ఇద్దరు తండ్రులు కోప్పడి పిల్లలను మానిపించారు. ఆయన బతిమాలలేదు. ఉన్నవాళ్ళు గీతం దాకా రావడానికి మూడు నెలలు కాదు, ఎనిమిది నెలలు పట్టింది. వచ్చాక ఎవరి వైలిన్ ఎవరి చేతికిచ్చినా, చీకట్లో ఇచ్చినా, వాయించారు. శశాంక్ ఇప్పుడు పాఠం మొదలుపెట్టేముందు గట్టిగా పాడతాడు. వీధిలోకి వినిపిస్తుంది. ఏడాది తిరిగాక గది సంగతి మళ్ళీ కమిటీ ముందుకు వచ్చినప్పుడు, ఆ పెద్దాయనే తన మనవరాలి చెయ్యి పట్టుకుని తరగతి గుమ్మం దగ్గరికి వచ్చాడు.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, గుర్తుపెట్టుకోండి: పైపై గుర్తులు చూసి నేర్చుకున్నది ఆ గుర్తులతోనే పోతుంది, ముందు గొంతులో నిలుపుకున్న విద్యే వేళ్ళలోకి దిగి జీవితాంతం తోడుంటుంది; మనకు చేతకాదని మనం దాచుకున్నదాన్ని ఎదుటివాళ్ళకు అక్కర్లేదని ఎన్నడూ చెప్పకూడదు.